ముక్కోపి ఇంటిపేరేమిటి?

ఫిబ్రవరిలో ఎడ్లపాడు చుట్టుపక్కల మిరపకాయల కల్లాల్లో కాసేపు నిలబడితే చాలు, తెలుగువాడి కోపానికున్న మాటల్లో సగం చెవిన పడతాయి. ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆడకూలీలు కూర్చుని తాలుకాయ ఏరి పక్కన పోస్తుంటారు. రైతు పట్టాలు లాగుతూ ఎవరో ఒకరి మీద ఎగురుతుంటాడు.

"ఏంది బాబాయ్, పొద్దున్నే చిటపటలాడతన్నా?"

"ఆడక ఏం చెయ్యమంటావురా? పదిమందిని పిలిస్తే ఆరుగురొచ్చారు. మబ్బు చూశావా, ఎట్టా కమ్ముకొస్తందో?"

"సర్లే, వాళ్ల మీద కసురుకోమాక. ఉన్నవాళ్లు కూడా లేచిపోతారు."

ఇద్దరూ మాట్లాడుకున్నది కోపం గురించే. అయినా ఎవరూ ఎవరినీ కోపిష్టి అనలేదు. బాబాయి చేస్తున్న పనికి పేరుంది, బాబాయికి లేదు. మధ్యాహ్నానికి మబ్బు తేలిపోతే చిటపటలూ పోతాయి, ఆయన మామూలుగా టీ తాగుతాడు. ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ చిరాకు మనుషులకు భాషలు పేర్లు ఎలా పెడతాయి, ఆ పేర్లు ఎక్కణ్నుంచి వస్తాయి అన్న పెద్ద ప్రశ్న దీని చుట్టూనే తిరుగుతుంది. రెండున్నర శతాబ్దాలుగా నిఘంటుకర్తలూ భాషావేత్తలూ చెప్పినవన్నీ ఒకచోట పోగేసి చూస్తే అందులో చమత్కారమే ఎక్కువ, నిజం పాలు తక్కువ.

ముందు ఇంగ్లీషు సంగతి. కర్మడ్జన్ అని వాళ్లకొక మాట ఉంది. ఎప్పుడూ మొహం మాడ్చుకుని, కొత్తది ఏది కనిపించినా తప్పు పట్టి, పలకరించిన పాపానికి కసిరే మనిషికి ఆ పేరు. వయసు మళ్లిన మగవాడికి మరీ అతుకుతుంది. ఈ మాట 1577 నాటికే అచ్చులో ఉంది, రిచర్డ్ స్టానిహర్స్ట్ ఐర్లండు గురించి రాసిన వర్ణనలో. ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం ఈనాటికీ తేలలేదు. తేలకపోబట్టే దాని చుట్టూ ఇన్ని కథలు పుట్టాయి.

అన్నిటిలోకీ మంచి కథ శామ్యూల్ జాన్సన్‌ది. 1755లో తన నిఘంటువు వెలువరించిన ఈ మహానుభావుడే పెద్ద కోపిష్టని లండన్‌లో పేరు. ఈ మాట దగ్గరికొచ్చేసరికి ఆయనకు దారి దొరకలేదు. పేరు చెప్పుకోని ఎవరో ఒకాయన, ఇది ఫ్రెంచి వాళ్ల "కర్ మేషాఁ" అన్న మాట నోళ్లలో పడి చెడిన రూపమని సూచన పంపాడు. కర్ అంటే గుండె, మేషాఁ అంటే చెడ్డ. అంటే చెడు మనసు గలవాడని. జాన్సన్ ఆ సూచన వేసుకుని, ఎదుటివాడి సొమ్ము తనదనకుండా పక్కనే "అజ్ఞాత లేఖకుడు" అని రాశాడు. ఇరవై ఏళ్లకు, 1775లో, జాన్ యాష్ అనే ఆయన ఇంకో నిఘంటువు తెచ్చాడు. జాన్సన్ పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాస్తూ, ఫ్రెంచి రాకపోవడం వల్ల, కర్ అంటే "అజ్ఞాత" అనీ మేషాఁ అంటే "లేఖకుడు" అనీ అచ్చేసి కూర్చున్నాడు. ఉత్తరం రాసినవాడి సంతకమే మాటకు మూలమైపోయింది. నిఘంటువుల చరిత్రలో ఇంతకన్నా హాయిగా నవ్వించే పొరపాటు నాకు తెలిసి లేదు. అసలు సంగతేమిటంటే, యాష్ తప్పు నవ్వులపాలైంది గానీ జాన్సన్‌కు అందిన సూచన కూడా ఏ ఆధారమూ లేని ఊహే. ఒకటి వికృతంగా ఉంది కాబట్టి దొరికిపోయింది, రెండోది అందంగా ఉంది కాబట్టి చాలాకాలం చెల్లుబాటైంది.

రెండో కథ ధాన్యానిది. 1600లో ఫిలెమన్ హాలండ్ రోమన్ చరిత్రకారుడు లివీ గ్రంథాన్ని ఇంగ్లీషు చేస్తూ, ధాన్యం దాచి ధర పెంచుకునే వ్యాపారుల ప్రస్తావన వచ్చినచోట "కార్న్‌మడ్జిన్" అనే రూపం వాడాడు. కార్న్ అంటే ధాన్యం కాబట్టి, కరువులో గాదె తలుపులు మూసుకున్నవాడే కర్మడ్జన్ అని పండితులు సంబరపడ్డారు. కానీ అసలు మాట అంతకు ఇరవై మూడేళ్ల ముందే ధాన్యం వాసన లేకుండా అచ్చులో ఉంది. హాలండ్ ఉన్న మాట మీద శ్లేష కట్టాడని ఇప్పుడు ఎక్కువమంది అంటున్న మాట. కుక్క అనే అర్థమున్న "కర్" లోంచి లాగినవాళ్లున్నారు. గేలిక్‌లో మొహం ముడుచుకున్న మనిషికున్న ఒక మాట వైపు చూపించేవాళ్లున్నారు. ఏదీ గట్టిగా నిలబడదు.

పుట్టుక తేలకపోయినా బతుకు మాత్రం తేటగా కనిపిస్తుంది. మొదట్లో ఈ మాటకు అసలు అర్థం పిసినారి. జాన్సన్ ఇచ్చిన అర్థంలో కూడా లోభమే ముందుంది, మొరటుతనం దాని వెనకాల ఉంది. తరవాత్తరవాత డబ్బు సంగతి జారిపోయి చిరచిర మిగిలింది. ఈమధ్య దానికి కాస్త ముద్దు కూడా అంటుకుంది. నోరు చెడ్డదే గానీ మనసు మంచిదన్న అర్థంలో వాడుతున్నారు.

ధాన్యం దాచడం, మాట మీద పేచీ అనగానే గుంటూరు జిల్లా చరిత్ర తెలిసినవాళ్లకు 1832-33 గుర్తొస్తుంది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువన్నారు. అప్పుడు గుంటూరులో కంపెనీ ఉద్యోగిగా ఉన్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. సర్కారు దస్త్రాలకు "కొరత" అనే మాట ఇష్టం. బ్రౌన్ మాత్రం కళ్లెదురుగా కనిపిస్తున్నదాన్ని "కరువు" అనే రాశాడు. పైవాళ్లకు గిట్టలేదు. ఆ పేచీల తరవాత 1834లో ఉద్యోగం పోయి ఇంగ్లండు వెళ్లాడు, 1837లో మళ్లీ వచ్చాడు, 1852లో తెలుగు నిఘంటువు అచ్చేశాడు. నిఘంటుకర్తకు కాస్త కోపం ఉండటం మంచిదేమోనని నాకనిపిస్తుంది. ఉన్నదానికి ఉన్న పేరు పెట్టాలన్న పట్టుదల అక్కణ్నుంచే వస్తుంది.

కర్మడ్జన్‌లో ఒకే ఒరలో ఉన్న లోభాన్నీ కోపాన్నీ తెలుగు ఎప్పుడూ విడివిడిగానే ఉంచింది. అరిషడ్వర్గంలో క్రోధం రెండోది, లోభం మూడోది. పక్కపక్కనే ఉంటాయి గానీ కలవవు. 1892లో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గురజాడ ఈ రెంటికీ రెండు పాత్రలిచ్చి పేర్లలోనే గుట్టు విప్పేశాడు. మాట మాటకీ భగ్గుమనే తండ్రి అగ్నిహోత్రావధాన్లు. డబ్బిచ్చి పిల్లను కొనుక్కోబోయే ముసలి పిసినారి లుబ్ధావధాన్లు. ఒకడి పేరులో నిప్పు, ఇంకొకడి పేరులో లోభం. సంబంధం కలుపుకోబోయింది వీళ్లిద్దరూ. ఇంగ్లీషువాడు ఒక్క మాటలో కుదించినదాన్ని గురజాడ వియ్యంగా చూపించాడనుకోవచ్చు. ఆ తరవాత జంధ్యాల 1987లో తీసిన అహ నా పెళ్లంట సినిమాలో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి శుద్ధ పిసినారి. కోడిని దూలానికి వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తినే మనిషి. చిరాకు ఆయన అసలు గుణం కాదు, అది డబ్బు ఖర్చయ్యే చోట మాత్రమే పైకొస్తుంది.

ఇక మన సొంత మాట ముక్కోపి దగ్గరికి వద్దాం. ఇది కూడా జాన్సన్‌ను ఇరుకున పెట్టిన మాట లాంటిదే. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, ముక్కు. "వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది" అని ఊరూరా అంటారు కాబట్టి ముక్కు, కోపి కలిసి ముక్కోపి అయ్యాడని అందరికీ నమ్మకం. రెండోది మూడు. ముక్కంటి, ముక్కారు, ముక్కోటి, ముజ్జగాలు అన్న వరసలో పెట్టి చూడండి, మూడింతల కోపం గలవాడు ముక్కోపి ఎందుకు కాకూడదు? మాట ఆకారం చూస్తే ఈ దారిలో అభ్యంతరం ఏమీ లేదు. మూడోది ఎవరికీ చప్పున తట్టదు. తమిళంలో తొందరగా వచ్చే కోపాన్ని మున్‌కోపం అంటారు, కన్నడంలో అలాంటి మనిషి ముంగోపి. రెండుచోట్లా ఉన్నది మున్, అంటే ముందు. ఆలోచన కంటే ముందు వచ్చే కోపం. ఇరుగుపొరుగు భాషల్లో ఇంత దగ్గరి మాటలుంటే తెలుగు మాటను ఒంటరిగా తేల్చబోవడం తొందరపాటే.

నా మట్టుకు నాకు మూడింతల కోపం అన్నది పండితుల సరదాగానే తోస్తుంది. వాడుకలో దానికి సాక్ష్యం లేదు, మూడు కోపాలేవో ఎవరూ చెప్పలేరు. మిగిలిన రెంటిలో రూపం మున్ వైపు లాగుతుంది, అర్థం ముక్కు వైపు లాగుతుంది. అదీగాక తమిళులూ కోపం ముక్కు మీద ఉందనే అంటారు, హిందీవాళ్లూ అంటారు. కాబట్టి పుట్టుక ఏదైనా, తెలుగువాడి నోట్లో గెలిచింది ముక్కే. జనం ఒక మాటలో ఏం వింటారో అదీ ఆ మాట చరిత్రలో భాగమే. కాకపోతే దాన్ని పుట్టుక అనకూడదు, పెంపకం అనాలి.

ముక్కుకూ కోపానికీ ఉన్న చుట్టరికం మన దేశంతో ఆగదు. హీబ్రూలో ఆఫ్ అనే ఒకే మాటకు ముక్కు అనీ అర్థం, కోపం అనీ అర్థం. తొందరగా కోపం రాని వాణ్ని ఆ భాషలో ముక్కు పొడుగువాడంటారు. నిర్గమకాండం 34వ అధ్యాయంలో దేవుడి గుణాలు చెప్పేచోట ఆ నుడికారమే ఉంది. తెలుగు బైబిలు దాన్ని దీర్ఘశాంతము అని దిద్దింది. గుంటూరు పల్లెల చర్చిల్లో ఆదివారం ఆదివారం ఆ మాట వినిపిస్తుంది, దాని వెనక ఒక పొడుగు ముక్కు ఉందని ఎవరికీ తోచదు. దీర్ఘం మాత్రం పోకుండా మిగిలింది. కోపం వచ్చినవాడికి ముక్కుపుటాలు అదరడం, ఊపిరి బుసకొట్టడం కంటికి కనిపించేవే గదా. అందుకే ఇన్ని దేశాలవాళ్లు ఒకరినొకరు అడక్కుండానే ఒకేచోట వేలుపెట్టారు. ఫ్రెంచివాళ్లు తలను పట్టుకున్నారు. ఇంగ్లీషులో చిరాకు మనిషిని టెస్టీ అనడం, తల అనే పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చిందే. పీత నుంచి ఒక మాట, కొక్కెం నుంచి ఒక మాట, సణుగుడు నుంచి ఒక మాట వాళ్లకున్నాయి. అవన్నీ తిరగేయడానికి ఇది చోటు కాదు.

పురాణాల నుంచి తెచ్చుకున్న పేర్లలో దుర్వాసుడిది పెద్దపీట. అంబరీషుడి ద్వాదశి పారణ దగ్గరా శకుంతల ఆశ్రమం గుమ్మంలోనూ ఆయన చేసిన పనులు పిల్లలకు కూడా తెలుసు. ఊళ్లో "అమ్మో, ఆయన దుర్వాసుడు" అంటే ఇంక వివరం అక్కర్లేదు. చిత్రమేమంటే ఆ పేరులో కోపం లేదు. సంస్కృతంలో వాసస్ అంటే బట్ట. దుర్వాసుడంటే సరైన బట్ట కట్టుకోనివాడని. కలిసి వాసం చేయడం దుర్లభమైనవాడని ఇంకో వ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. హరికథలో చెబితే జనం తల ఊపుతారు, వ్యాకరణం మాత్రం ఊపదు. ముక్కోపి విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది. మనిషి స్వభావం ముందు తెలుసు, పేరులో దాన్ని తరవాత వెతుక్కున్నారు.

ఇప్పుడు కల్లం దగ్గర విన్న మాటలకు వస్తే, నా ఉద్దేశంలో ఈ సమీక్షకంతటికీ గుండెకాయ అక్కడే ఉంది. చిటపట, చిర్రుబుర్రు, కస్సుబుస్సు, రుసరుస, ధుమధుమ, భగభగ. తెలుగు చిరాకంతా చప్పుళ్ల మీద నడుస్తుంది. చిటపట కాగిన నూనెలో ఆవాలది. బుస్సు పాముది. భగభగ మంటది. రుసరుస, ధుమధుమ ఎవరివో విడదీసి చెప్పలేం గానీ, ఎదుటి మనిషి రుసరుసలాడుతూ పోతుంటే చెప్పుల చప్పుడు కూడా అందులో కలిసే వినిపిస్తుంది. ఎం.బి. ఎమెనో 1969లో రాసిన ఒక వ్యాసంలో ఇలాంటి జంట ధ్వనులు ద్రావిడ భాషల్లోనూ, హిందీ కుటుంబంలోనూ, ముండా భాషల్లోనూ ఒకేరకంగా అల్లుకుపోయాయనీ, ఇది భారతదేశపు భాషలన్నీ కలిసి బతకడం వల్ల వచ్చిన ఉమ్మడి ఆస్తి అనీ చూపించాడు. పాత వ్యాకర్తలు వీటిని అనుకరణ శబ్దాలని ఒక మూల పెట్టి దాటేశారు. ఎమెనో తరవాత ఆ మూల చావడి అయింది.

వీటికి అతికే క్రియ చూడండి: ఆడు. చిటపటలాడు, రుసరుసలాడు, చిర్రుబుర్రులాడు. పోట్లాడు, కొట్లాడు, దెబ్బలాడు, మాట్లాడు అన్నచోట ఉన్నదీ ఇదే. ఆట ఇద్దరి మధ్య జరిగేది, మొదలూ చివరా ఉన్నది. అందుకే చిటపటలాడేవాడు రేపటికి మామూలు మనిషి కాగలడు. కర్మడ్జన్ కాలేడు. అది నామవాచకం, మెడలో పలకలా వేలాడుతూనే ఉంటుంది.

తెలుగులో మనిషికి పలక కట్టే ప్రత్యయాలు లేకపోలేదు. తిండిబోతు, తాగుబోతు, తిరుగుబోతు ఉన్నారు. పిసినిగొట్టు, ఏడుపుగొట్టు ఉన్నారు. ఆటలో ఓడి అలిగే పిల్లవాడు ఉడుకుమోతు. కోపంబోతు మాత్రం లేడు. కోపిష్ఠి కావాలంటే సంస్కృతం గడప తొక్కాలి, పాపిష్ఠి ఉన్న వరసలోనే కోపిష్ఠి నిలబడ్డాడు. అసలు కోపమే సంస్కృతం. మన సొంత మాటలు అలుక, కినుక. అవి చూడబోతే ఇంట్లోవాళ్ల మీద మాత్రమే వచ్చేవి, బతిమాలితే పోయేవి. సత్యభామ అలిగింది గానీ ఆమెను ఎవరూ కోపిష్ఠి అనరు.

ఎడ్లపాడు పేరులోనే ఎడ్లున్నాయి కాబట్టి వాటి వాటా కూడా ఇచ్చేయాలి. కయ్యానికి కాలు దువ్వడం అన్నది పోట్లగిత్త నేల తవ్వే తీరు, పందెం కోడి మట్టి ఎగజిమ్మే తీరు. రంకెలు వేయడం గిత్తదే. పల్నాటి యుద్ధానికి కోడిపందెం నిప్పురవ్వ అయిందన్న కథ కారెంపూడి నుంచి ఎడ్లపాడు దాకా తెలియనివాళ్లు లేరు. ఆ నేల మీద కాలు దువ్వడం అనే మాట పుస్తకంలోంచి నేర్చుకోనక్కర్లేదు.

కోపానికున్న మరో పెద్ద కుటుంబం మంటది. ఒళ్లు మండింది, మండిపడ్డాడు, కడుపుమంట, అగ్గి మీద గుగ్గిలం, కారాలు మిరియాలు నూరాడు. ఈ చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. మిరపకాయ మన దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్ల ఓడల్లో, 16వ శతాబ్దంలో. అంతకుముందు వంటింట్లో ఘాటంటే మిరియమే. కొత్తగా వచ్చిన కాయకు మిరియం పేరే సాగదీసి పెట్టుకున్నారు. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్ వచ్చినట్టు ఇక్కడ మిరియం పక్కన మిరప నిలబడింది. నూరడం అనే పని మాత్రం రెంటికీ ఒక్కటే. పళ్లు నూరేవాడి మొహమూ, రోట్లో కారం నూరేవాళ్ల మొహమూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నుడికారం ఎందుకు పుట్టిందో చెప్పక్కర్లేదు.

నిప్పు తగిలినా మంటే, కారం తగిలినా మంటే, కోపమొచ్చినా మంటే. తెలుగు ఈ మూడింటినీ వేరు చేయలేదు. మొదటి రెండూ వేరు కావని శరీరశాస్త్రం కూడా ఒప్పుకుంది. మిరపలోని క్యాప్సైసిన్ పట్టుకునే నరాల గ్రాహకమూ, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకమూ ఒకటేనని డేవిడ్ జూలియస్ బృందం 1997లో తేల్చింది. దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. 2021లో ఆయనకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. తాలు ఏరిన చేతులతో కళ్లు తుడుచుకున్న కూలీకి ఈ సంగతి నోబెల్ కమిటీ చెప్పనక్కర్లేదు. అయితే మూడో మంట సంగతి వేరు. గుంటూరు కారం తినేవాళ్లకు కోపం ఎక్కువన్నది సినిమాలు పెంచిన మాట. ఎడ్లపాడు మండలంలోని వంకాయలపాడులో స్పైసెస్ బోర్డు వారి పార్కు ఉంది, చుట్టూ శీతల గోదాములున్నాయి, గాలి పీలిస్తేనే తుమ్ములొస్తాయి. ఆ గాలిలోనే శాంతమూర్తులూ ఉన్నారు, ముక్కోపులూ ఉన్నారు. కల్లం దగ్గర రైతుకు కోపం వచ్చేది కారం తిని కాదు, క్వింటా ధర చూసి.

ఈ ప్రశ్న మీద రాసినవాళ్లు పెద్దగా పట్టించుకోనిది ఆడమగ తేడా. ఇంగ్లీషు మాట మగవాడికి, అందులో ముద్దు కూడా ఉంది. తెలుగులో చిరాకు మనిషికున్న గట్టి నామవాచకం గయ్యాళి, అది ఆడవాళ్లకే. మగవాడు అదే పని చేస్తే రోషం, పౌరుషం. పల్నాడులో ఆ రెండు మాటలకూ మంచి మర్యాద. 12వ శతాబ్దపు పల్నాటి కథ చెప్పే తీరే చూడండి. పెద్దలు వారిస్తున్నా వినకుండా యుద్ధానికి ఉరికిన బాలచంద్రుడు వీరుడు. రాజ్యం నడిపిన మంత్రి నాయకురాలు నాగమ్మ మాత్రం కథకుల నోట్లో చాలాకాలం పేచీకోరు. ఇద్దరిలో ఎవరికి కోపం ఎక్కువో కొలిచి చూడండి.

మన కాలంలో గయ్యాళికి ఒక మనిషి పేరే స్థిరపడింది. 1962లో గుండమ్మ కథ వచ్చేనాటికే సూర్యకాంతం ఆ పాత్రలకు పెట్టింది పేరు. ఎడమచెయ్యి తిప్పుతూ కసిరే తీరు చూసి జనం ఎంత నమ్మారంటే, ఆ తరవాత ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి జంకారని చెప్పుకుంటారు. దుర్వాసుడు వేల ఏళ్లలో సాధించినదాన్ని ఆవిడ కొన్ని దశాబ్దాల్లో సాధించింది. సెట్లో అందరికీ ఇంటి నుంచి వండి తెచ్చి పెట్టే మనిషని తోటి నటులు చెప్పేవారు. పేరుకూ మనిషికీ పొంతన లేకపోవడం ఇక్కడా తప్పలేదు.

మరి కర్మడ్జన్‌కు ఈనాటి అర్థంలో సరిపోయే తెలుగువాడు ఎవరు? ఎడ్లపాడు మండలంలోనే ఉన్న కొండవీడు దుర్గం వైపు చూడమంటాను. 15వ శతాబ్దం మొదట్లో పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. భోగం తెలిసిన కవి, పట్టుబట్టలు, మంచి భోజనం అలవాటైనవాడు. ఆయన పేర చెలామణీలో ఉన్న చాటువుల్లో పల్నాటి మీద పెట్టుకున్న సణుగుడు ప్రసిద్ధం. రాళ్లు, పాములు, తేళ్లు, జొన్నకూడు, ఒక్కటీ ఆయనకు నచ్చలేదు. రాజ్యం పోయాక, వయసు మీద పడ్డాక గుత్తకు తీసుకున్న పొలం ఏటిపాలై, పన్ను కట్టలేక శిక్షపడి, ఆ వేదనను కూడా పద్యం చేశాడని సంప్రదాయం. ఇందులో క్రోధం లేదు, లోభం అసలే లేదు. ఉన్నదల్లా నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పకుండా ఉండలేని నోరు. పాపం, ఆయన కాలానికి మిరపకాయ ఇంకా రాలేదు. జొన్నకూటిలోకి పండుమిరప కారం ఉంటే ఆ చాటువు కాస్త మెత్తబడేదేమో.

ఆ గుణానికి తెలుగులో ఉన్న మాట సణుగుడు, ఇంకొంచెం వయసు కలిస్తే చాదస్తం. ఛందస్సు అంటే వేదం, వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. ఆ గౌరవం కాలక్రమంలో జారి జారి, చెప్పిందే చెప్పి ప్రాణం తీసే ముసలితనానికి చాదస్తం అనే పేరైంది. పిసినారి కాస్తా చిరాకు ముసలాయన అయిన ఇంగ్లీషు కథకు దీటైన కథ తెలుగులో ఇదే. ఒకటి డబ్బు దగ్గర బయల్దేరింది, ఇంకొకటి వేదం దగ్గర బయల్దేరింది, రెండూ వసారాలో పడక్కుర్చీ దగ్గరికే చేరాయి.

కొత్త తరం ఈ పాత సరుకేదీ వాడటం లేదు. టెంపరు మనిషి అంటారు, ఇంకా ఎక్కువగా బీపీ అంటారు. "మా సార్‌కు బీపీ లేచింది", "నాకు బీపీ తెప్పించమాక" అన్న మాటలు చిలకలూరిపేట బస్సులో కాలేజీ పిల్లల నోట ఎన్నిసార్లయినా వినొచ్చు. ఒకప్పుడు వైద్యుల పిత్తం జనం నోట్లో పైత్యమై వెర్రికి పేరయింది, పడమటి దేశాల్లో అదే పిత్తం కోపానికి కారణమైంది. ఇప్పుడు పిత్తం పోయి నెత్తురు వచ్చింది. అయితే డాక్టర్లు చెప్పేదేమంటే, రక్తపోటు ఎక్కువున్న చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు, కొలిస్తేనే బయటపడుతుంది. కల్లం దగ్గర ఎగిరే బాబాయికి లెక్క సరిగ్గానే ఉండొచ్చు, మూలన కూర్చుని మాట్లాడకుండా తాలు ఏరుతున్న ఆవిడకు మాత్ర అవసరం కావొచ్చు.